తాళంచెవి: దాచినట్టు నటించిన రహస్యం

తానిజాకి జునిచిరో 1956లో రాసిన ‘కగి’ (తాళంచెవి) నవలలో దంపతుల మధ్య నిజమైన రహస్యం ఉండదు, దాచినట్టు నటన ఉంటుంది. యాభయ్యారేళ్ళ ప్రొఫెసరు తన పడకగది విషయాలను డైరీలో రాసి సొరుగుకు తాళం వేస్తాడు. ఆ తాళంచెవి మాత్రం భార్య ఇకుకో కంటపడేచోట ఉంటుంది. ఆమె కూడా ఒక డైరీ మొదలుపెడుతుంది. ఒకరిది ఒకరు చదవనట్టే ఇద్దరూ మసలుకుంటారు. మూలంలో భర్త రాత కతకన లిపిలో, భార్య రాత హిరగన లిపిలో ఉంటాయి కనుక గొంతు ఎవరిదో పాఠకుడికి చూడగానే తెలుస్తుంది.

ఇక్కడ అసూయ దానంతటది పుట్టదు. ఉడుగుతున్న కోరికను రాజేసుకోవడానికి భర్త దాన్ని ఔషధంలా సేవిస్తాడు. కూతురికి వరుడిగా అనుకుంటున్న కిమురాను తానే భార్యకు చేరువ చేస్తాడు. చివరకు ఆ ఉద్రేకమే అతణ్ణి బలిగొంటుంది. అతను పోయాక ఇకుకో నిజం రాస్తుంది: అతని డైరీ చదువుతూనే ఉన్నానని, తన జబ్బు గురించి రాసినది అబద్ధమని. అప్పటివరకు చదివినదంతా మళ్ళీ మొదటినుంచి అనుమానించక తప్పదు.

ఇచికావా కోన్ 1959లో తీసిన సినిమా డైరీలను దాదాపు పక్కన పెట్టింది. భర్త పురాతన కళావస్తువుల నిపుణుడయ్యాడు, కిమురా వైద్యుడయ్యాడు. తొలి దృశ్యంలో కిమురా పాత్రధారి నకదాయి కెమెరాలోకి చూస్తూ వార్ధక్యం గురించి పాఠం చెబుతాడు. నవలలో పాఠకుడు డైరీ దొంగ అయితే, ఇక్కడ ప్రేక్షకుడు ప్రయోగశాలలో సాక్షి. ఈ నిర్లిప్తతే సినిమా బలం. 1960లో కాన్ ఉత్సవంలో దీనికి జ్యూరీ బహుమతి దక్కింది.

కానీ నష్టం ఇకుకోదే. మాచికో క్యో ముఖం ముసుగులా ఎంత మౌనంగా ఆకర్షించినా, ఆ ముసుగు వెనుక రాసే చెయ్యి లేదు. ముగింపులో పనిమనిషి మిగిలిన ముగ్గురికీ విషం పెడుతుంది, నేరం ఒప్పుకున్నా పోలీసులు నమ్మరు. వ్యంగ్యం పదునైనదే. అయితే తీర్పు బయటినుంచి వచ్చింది. నవల ఇకుకోను శిక్షించలేదు, ఆమె చేతే చెప్పించి ఊరుకుంది.

నిక్కత్సు సంస్థ ‘రోమన్ పోర్నో’ చిత్రాల కాలంలో, 1974లో, కుమాషిరో తత్సుమి ఈ కథను మళ్ళీ తెరకెక్కించాడు. శృంగార చిత్రాలకు ఇది అనువైన కథ అనిపించడం సహజం. అయితే ‘కగి’లో అసలు శృంగారం చూడటంలో లేదు, చదవటంలో ఉంది. దేహాన్ని కెమెరా చూపగలదు. భర్త చదువుతాడని తెలిసి భార్య రాసిన అబద్ధాన్ని చూపడం దానికి కష్టం.