వాన తెలిసిన బానెట్

బానెట్ మీద చీలికలున్న కారు ఎక్కడ ఆగినా, చుట్టూ చేరినవాళ్ళు మొదట అడిగేది ఒకటే: వాన పడితే లోపలికి నీళ్ళు పోవా? పోతాయి. అందులో దాచాల్సిందేమీ లేదు. రేకుకి కోత పెట్టామంటే నీటి బొట్టుకి దారిచ్చినట్టే. చూడాల్సిందల్లా ఆ తర్వాతి సంగతి. లోపలికొచ్చిన నీరు ఎక్కడ పడుతుంది, ఎటు జారుతుంది, ఎక్కడ నిలుస్తుంది? ఇవన్నీ ముందే ఆలోచించి చేసిన పనితనం ఎండలో బయటపడదు. శ్రద్ధగా చేసిన బానెట్టూ, తొందరగా కోసి పారేసిన బానెట్టూ ఎండలో ఒకేలా మెరుస్తాయి. ఆ తేడా చూడాలంటే వానలో బండి నడపాలి.

సియాటిల్ శివార్లలో ఉండే నా మిత్రుడి దగ్గర 1991 నాటి మాజ్దా మియాటా ఉంది. మాజ్దా మన దేశంలో కార్లు అమ్మదు కాబట్టి మనవైపు ఈ బండిని చూసినవాళ్ళు తక్కువే. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి చూపించారు. తోషిహికో హిరాయ్ ఆధ్వర్యంలో రూపుదిద్దుకున్న ఈ కారులో రెండే సీట్లు, మడత పడే గుడ్డ టాపు, 1.6 లీటర్ల ఇంజిన్, 116 హార్స్‌పవర్. బరువు టన్నుకి కాస్త లోపే. ఇంజిన్ ముందుంటుంది, నడిచేవి వెనక చక్రాలు. 2016కల్లా పది లక్షల మియాటాలు తయారయ్యాయంటే ఈ చిన్న బండిని జనం ఎంతగా ప్రేమించారో ఊహించుకోవచ్చు.

రోడ్డు మీద ఎంత దూరమైనా హాయిగా పోతుంది. చిక్కంతా రేస్ ట్రాక్ మీదే. ఈ ఇంజిన్ కుటుంబాన్ని మాజ్దా మొదట ముందు చక్రాలతో నడిచే మామూలు కార్లలో అడ్డంగా పెట్టింది. మియాటాలోకి నిలువుగా మార్చినప్పుడు చల్లటి నీరు లోపలికి వచ్చే దారీ, వేడి నీరు బయటికి పోయే దారీ రెండూ ముందువైపే వచ్చాయి. దాంతో వెనక సిలిండర్ల దగ్గర నీటి ప్రవాహం మందగిస్తుంది. ఎండాకాలం కెంట్ ఊళ్ళోని పసిఫిక్ రేస్‌వేస్‌లో ఇరవై నిమిషాలు తిప్పితే ఆ లోపం ఉష్ణోగ్రతలో కనిపిస్తుంది. మిత్రుడు ముందుగా వేడి నీరు వెనక నుంచి బయటికి పోయేలా దారి మార్పించాడు. తర్వాత పెద్ద అల్యూమినియం రేడియేటర్ బిగించాడు. ఆ రెండూ అయ్యాక వచ్చింది బానెట్ వంతు.

రేడియేటర్ ఎంత పెద్దదైనా, దాని గుండా వచ్చిన గాలి బయటికి పోవాలి కదా. ఇంజిన్ గది నిండా గొట్టాలు, తీగలు, బెల్టులు. వేడి గాలి వాటి మధ్య ఇరుక్కుని కింది నుంచి నెమ్మదిగా జారుకోవాలి. లోపల ఒత్తిడి పెరిగేకొద్దీ ముందునుంచి వచ్చే గాలి తగ్గుతుంది. బానెట్‌కి చీలికలు పెట్టేది ఈ ఒత్తిడిని దించడానికి. ఎక్కడ పెట్టాలన్నది మాత్రం చాలామంది తలకిందులుగా అర్థం చేసుకుంటారు. అద్దం మొదట్లో, బానెట్ వెనక అంచు దగ్గర పెడితే వేడి పోతుందనుకుంటారు. నిజానికి పరుగెత్తే కారు మీద గాలి ఒత్తిడి ఎక్కువగా ఉండే చోట్లలో అదొకటి. కార్లలో మనం పీల్చుకునే గాలిని లోపలికి తీసుకునేదీ అక్కడి నుంచే. షెవ్రోలే వాళ్ళు 1970 షెవెల్ ఎస్‌ఎస్‌లో ఇంజిన్‌కి చల్లగాలి అందించడానికి బానెట్ వెనక అంచున ఒక తలుపు పెట్టారంటే ఈ సంగతి తెలిసే. ఒత్తిడి తక్కువగా ఉండేది బానెట్ ముందు భాగంలో, ముక్కు దాటి గాలి పైకి వంగే చోట. చీలిక అక్కడుంటే పైనున్న గాలే లోపలి వేడిని లాగేసుకుంటుంది.

మిత్రుడి కారుకి ఈ పని చేసింది ఎవరెట్ వైపు విమానాల కర్మాగారంలో చాలా ఏళ్ళు రేకు పని చేసి రిటైరైన ఒక పెద్దాయన. కారుని అప్పగించిన రోజున కత్తెర ముట్టుకోలేదట. బానెట్ నిండా సన్నటి ఊలు దారపు ముక్కలు అంటించి, మిత్రుణ్ణి హైవే మీద నడపమని, తను పక్క కారులోంచి ఫొటోలు తీసుకున్నాడు. దారాలు ఎక్కడ వణుకుతున్నాయో, ఎక్కడ తిన్నగా సాగుతున్నాయో చూశాకే పెన్సిలు గీత పెట్టాడు. మియాటాకి పైకి లేచే హెడ్‌లైట్లు. అవి లేచినప్పుడు వాటి వెనక గాలి చెదురుతుంది. అందుకని లైట్ల వెనక వరుసని పూర్తిగా వదిలేసి, లూవర్లన్నీ, అంటే పెదవిలా పైకి ఉబ్బిన చీలికలన్నీ, మధ్యకి జరిపాడు.

మియాటా బానెట్ అల్యూమినియం రేకు. పైరేకు కింద గట్టితనం కోసం ఒక ఫ్రేము ఉంటుంది. కాబట్టి లూవర్లను ఆ రేకులోనే నేరుగా నొక్కడం కుదరదు, కింద అచ్చు (డై) పెట్టడానికి చోటుండదు. ఆయన వేరే పలక మీద లూవర్లు నొక్కి, బానెట్‌లో కోసిన చోట దాన్ని అమర్చాడు. ఇదేమీ కొత్త పద్ధతి కాదు. 1961లో జెనీవాలో జనాన్ని నివ్వెరపరచిన జాగ్వార్ ఈ-టైప్ బానెట్‌కీ తొలి కార్లలో లూవర్ల పలకలను విడిగా చేసి వెల్డింగ్‌తో అతికించారు. నేరుగా బానెట్‌లోనే నొక్కడం తర్వాత వచ్చింది. ఆ తొలి కార్ల కోసం ఇవాళ సేకర్తలు వెతుక్కుంటారు.

లూవర్ నొక్కే పని దగ్గరుండి చూస్తే తనివి తీరదు. ప్రెస్సు పై పనిముట్టుకి ఒక అంచు కత్తిలా పదునుగా, రెండో వైపు గుండ్రంగా ఉంటుంది. ఒక్క దెబ్బతో పదునైన వైపు రేకుని చీలుస్తుంది, గుండ్రటి వైపు దాన్ని సాగదీసి పైకి ఉబ్బిస్తుంది. రేకు మెత్తగా లేకపోతే లూవర్ మూలల్లో వెంట్రుకంత పగుళ్ళు వస్తాయి. అందుకే పలకకి ముందు సబ్బు రాసి మంటతో వెచ్చజేశాడు. సబ్బు నల్లబడిందంటే అల్యూమినియం మెత్తబడినట్టు. పాత రేకు పనివాళ్ళ థర్మామీటర్ అదే. తర్వాత లూవర్ల అంచులన్నీ సన్న ఆకురాయితో రుద్దాడు. వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి తడిమాను, ఎక్కడా గుచ్చుకోలేదు.

బానెట్‌కి పెట్టిన కోత కూడా ఆగి చూడదగ్గది. నాలుగు మూలలా ముందు గుండ్రటి రంధ్రాలు వేసి, ఆ తర్వాత వాటిని కలుపుతూ కోశాడు. మూల వాడిగా ఉంటే బరువంతా అక్కడే పడి, అదురుకి పగులు మొదలవుతుంది. విమానాల రేకు పనిలో ఇది ప్రాణం మీది నియమం, కారు దగ్గరికొచ్చేసరికి చాలామంది వదిలేస్తారు. రివెట్లు కూడా అల్యూమినియంవే, అడుగు మూసుకుని ఉండేవి. అల్యూమినియంలో స్టీలు రివెట్ దిగగొడితే, తడి తగిలిన ప్రతిసారీ రెండు లోహాల మధ్యా రసాయన చర్య జరిగి రేకు తెల్లటి పొడిగా రాలుతుంది. చలికాలంలో రోడ్డు మీద ఉప్పు చల్లే చోట ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. పలకకీ బానెట్‌కీ మధ్య సీలెంట్ పూసి, రంధ్రాల లోపలి అంచులకి కూడా ప్రైమర్ పట్టించాడు. పైకి కనిపించని ఈ పూతకి ఎంత సమయం పట్టి ఉంటుందో తెలిసినవాళ్ళకే తెలుస్తుంది.

ఇక వాన సంగతి. లూవర్ల నోళ్ళు వెనక్కి, అద్దం వైపు తెరుచుకుని ఉంటాయి. పెంకుటింటి కప్పు మీద పై పెంకు అంచు కింది పెంకుని కప్పినట్టు, ముందు లూవర్ పెదవి వెనక లూవర్ మొదలుకంటే ఎత్తులో ఉంటుంది. కారు పరుగెత్తేటప్పుడు గాలి తోసే నీటి బొట్టు వెనక్కి పాకుతూ వచ్చి ఆ పెదవి మీంచి దూకేస్తుంది. కానీ పెంకుటింటికి వాలు ఎప్పుడూ ఒక్కవైపే. బానెట్‌కి అలా కాదు. కారు ఆగితే బానెట్ ముందుకే వాలి ఉంటుంది. బానెట్ వెనక భాగం మీద పడిన నీళ్ళు ముందుకి జారి, నేరుగా తెరిచి ఉన్న లూవర్ల నోట్లోకే వస్తాయి. పరుగులో మేలు చేసే ఆకారమే నిలబడితే గరాటు అవుతుందన్నమాట. చీలికల బానెట్‌లోని అసలు చిక్కు ఇదే. బజారులో దొరికే పలకల్లో చాలావాటి దగ్గర దీనికి జవాబు లేదు.

పెద్దాయన చేసిన ఉపాయం చాలా చిన్నది. చివరి లూవర్ వరుసకి వెనక, అద్దం వైపు, రేకునే మడిచి సన్నటి గట్టు లేపాడు. ఎత్తు నాలుగు మిల్లీమీటర్లు. తిన్నగా కాకుండా మధ్యలో కొంచెం పైకి, చివర్లు రెండువైపులా కిందికి వంగి ఉంటుంది. ఆగినప్పుడు పైనుంచి జారిన నీరు గట్టుకి తగిలి, అటొక పాయ ఇటొక పాయగా విడిపోయి, ఫెండర్ల పక్కనున్న సందుల్లోంచి కిందికి పోతుంది. కారు నడిచేటప్పుడు అంత చిన్న గట్టు గాలికి అడ్డం రాదు. నేరుగా చీలికల మీదే పడే చినుకుల కోసం అడుగున ఒక పళ్ళెం ఉంది. రెండు వేళ్ళ ఎడంలో వేలాడుతుంది, రెండువైపులకీ వాలి ఉంటుంది, చివర రబ్బరు గొట్టాలు. పావు చుట్టు తిప్పితే ఊడొచ్చే బిగింపులు పెట్టాడు. ఎండాకాలం ట్రాక్‌కి వెళ్ళేటప్పుడు పళ్ళెం తీసేస్తాడు మిత్రుడు. అక్టోబరులో తిరిగి బిగిస్తాడు. పళ్ళెం ఉంటే గాలి కొంచెం తగ్గుతుంది గానీ, చలిలో ఆ గాలి అవసరం లేదు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఈ ఇంజిన్‌లో తడికి ఓర్వలేని చోటు ఒకటుంది. స్పార్క్ ప్లగ్గులు నాలుగూ ఇంజిన్ మూత నడిమధ్యలో, లోతైన బావుల్లో కూర్చుంటాయి. రబ్బరు టోపీ వదులైతే నీరు ఆ బావుల్లోకి దిగుతుంది. దిగిన నీరు మళ్ళీ రాదు. మెరుపు ప్లగ్గు కొసలో కాకుండా బావి గోడకి కొట్టేస్తుంది, ఇంజిన్ ఒక సిలిండర్ తక్కువైనట్టు కుంటుతుంది. మిగతా వాటికి మాజ్దానే అండ ఇచ్చింది. బ్యాటరీ వెనక డిక్కీలో ఉంది, ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ సీట్ల ముందు కార్పెట్ కింద ఉంది. ఈ కారు బానెట్‌కి కోత పెట్టే ధైర్యం వచ్చిందంటే ఆ అమరిక పుణ్యమే. బ్యాటరీ, కంప్యూటర్ ముందున్న బండికి ఇదే పని చేయమంటే నేను వద్దంటాను.

నవంబరులో ఒక ఆదివారం నార్త్ బెండ్ నుంచి ఐ-90 హైవే మీద స్నోక్వాల్మీ కనుమ దాకా నేనే నడిపాను. 3,022 అడుగుల ఎత్తు, దారి పొడుగునా వాన. ఊళ్ళో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బానెట్ మీది నీళ్ళు ముందుకి జారడం, గట్టు దగ్గర రెండుగా చీలడం సీట్లోంచే కనిపించింది. హైవే ఎక్కాక కాసేపటికి బొట్లు తడబడ్డాయి, ఎటు పోవాలో తెలియనట్టు నిలిచాయి. వేగం పెరిగేసరికి అన్నీ కలిసి వెనక్కి పరుగు తీశాయి. లూవర్ల వెనక బానెట్ మీద గీతలు గీతలుగా ఆరిపోయిన చోట్లు కనిపించాయి, వెచ్చటి గాలి బయటికొచ్చే దారులవి. పక్కనుంచి లారీ వెళ్ళినప్పుడు మాత్రం బురద నీరు కెరటంలా కొట్టింది. అదంతా వచ్చింది ముందు గ్రిల్లులోంచి, రేడియేటర్ మీదుగా. ఏ కారు ఇంజిన్ గదిలోకైనా పెద్ద వానలో ఎక్కువ నీరు వచ్చేది అలాగే, కింది నుంచీ ముందు నుంచీ. తీగల కొసలకి రబ్బరు సీళ్ళు పెట్టి కార్లు తయారుచేసేది అందుకే.

కనుమ పైన కారు ఆపగానే లూవర్లలోంచి ఆవిరి లేచింది. పక్క కారాయన కంగారుపడి వచ్చాడు. రేడియేటర్ వేడికి పళ్ళెంలో మిగిలిన తడి ఆరుతోందంతే. మీటరులో ఉష్ణోగ్రత దారంతా థర్మోస్టాట్ తెరుచుకునే 88 డిగ్రీల చుట్టుపక్కలే ఉంది.

నడిపేవాడు భయపడాల్సింది బానెట్‌కి కాదు, టైర్లకి. టైరు నీటి మీద తేలిపోయే వేగం గురించి 1963లో నాసా ప్రచురించిన ఒక సూత్రముంది: టైర్లోని గాలి ఒత్తిడికి వర్గమూలం తీసి 10.35తో గుణించాలి. మియాటాకి చెప్పిన 26 పీఎస్‌ఐకి లెక్కవేస్తే గంటకి 53 మైళ్ళు, అంటే సుమారు 85 కిలోమీటర్లు. అరిగిన టైరుకీ, గాడుల్ని మించి నీరు నిలిచిన రోడ్డుకీ వర్తించే లెక్క అది. గాడులు లోతుగా ఉంటే ఇంకాస్త వెసులుబాటు దొరుకుతుంది. తేలికైన బండికి వెడల్పు టైర్లు వేస్తే ఉన్న వెసులుబాటూ పోతుంది. మిత్రుడు ట్రాక్ టైర్లు విప్పేసి, కారుతో వచ్చిన కొలత, 185/60 14 అంగుళాల సన్న టైర్లు వేసి ఇచ్చాడు. జారకుండా ఆపే కంప్యూటర్ సాయం ఈ కారులో లేదు. మలుపులో యాక్సిలరేటర్ మీద కాలు ఒక్కసారిగా తీయకూడదు, ఒక్కసారిగా తొక్కకూడదు. స్టీరింగ్ బరువు తగ్గినట్టు చేతికి తెలిసిన క్షణంలోనే వేగం తగ్గించుకోవాలి.

నీటి దారి గురించిన ఆలోచన మాజ్దా వాళ్ళ పనిలో ముందునుంచే ఉంది. గుడ్డ టాపు వెనక అంచున, సీట్ల వెనక, కంటికి కనపడకుండా ఒక తూము ఉంటుంది. టాపు మీద పడిన నీళ్ళు దాంట్లోకి దిగి, రెండు గొట్టాల్లోంచి వెనక చక్రాల ముందు బయటపడతాయి. ఆకులు అడ్డం పడితే నీరు కారు అడుగు రేకుల్లో నిలిచి తుప్పు పట్టిస్తుంది. ఎన్నో మియాటాలు పోయింది అలాగే. పెద్దాయన బానెట్ పళ్ళెం గీసే ముందు ఈ తూముని విప్పి చూసి కొలతలు తీసుకున్నాడని మిత్రుడు చెప్పాడు. రబ్బరు గొట్టం లావు ఎంతుండాలో దాన్ని చూసే నిర్ణయించాడట.

ఇంటికొచ్చాక బానెట్ ఎత్తి ప్లగ్గుల టోపీలు ఒక్కొక్కటే పీకి, టార్చి వేసి చూశాం. నాలుగు బావులూ పొడిగానే ఉన్నాయి. పళ్ళెం కుడిచేతి గొట్టంలో మాత్రం ఫర్ చెట్టు సూదులు ఇరుక్కుని నీరు సగం వరకే దిగింది. మిత్రుడు వాటిని తీసేసి, ఆ గొట్టం మూతికి జల్లెడ వేయించాలా, లేక గొట్టాన్నే వెడల్పు చేయించాలా అని పెద్దాయనకి ఫోను చేశాడు. జల్లెడ వద్దన్నాడట ఆయన, అది మూసుకుపోయినా నీకు కనపడదు, గొట్టమే మార్చుదాం, వచ్చే శనివారం తీసుకురా అన్నాడట.