‘ఎత్నో’కు తెలుగు

వెరియర్ ఎల్విన్ బస్తరు సంస్థానంలో గౌరవ ‘ఎత్నోగ్రాఫర్’. మురియాలను గూర్చి, వారి ఘోటుల్‌ను గూర్చి ఆయన వ్రాసిన పెద్ద గ్రంథం 1947లో వెలువడింది. దానిని తెలుగు చేయబూనినవాడు ముందుగా ఆయన పదవి పేరువద్దనే ఆగవలసివస్తుంది. ‘జాతివర్ణనకారుడు’ అంటే పని సులువుగా తీరుతుంది. అయితే అది సరిగా తీరిందా?

‘ఎత్నో’ అనే పూర్వపదానికి మూలం ‘ఎత్నోస్’ అనే గ్రీకు శబ్దం. ఇలియడ్ ద్వితీయ సర్గలో సభకు కదలివచ్చే సైనికులను తేనెటీగలతో పోల్చినప్పుడు హోమరు ఆ ఈగల గుంపులకు ఈ మాటే వాడాడు. పక్షుల గుంపులకూ ఇదే వాడాడు. కలిసి మెలగే సమూహమన్నదే ఇందులో ముఖ్యం. పుట్టుకను చెప్పే గ్రీకుమాట వేరే ఉన్నది: ‘గెనోస్’. సంస్కృతంలోని ‘జన్’ ధాతువు దానికి జ్ఞాతి. మన ‘జాతి’ ఆ ధాతువునుండి వచ్చినదే. కనుక ‘ఎత్నో’ను ‘జాతి’ అనడం పొరుగింటివాని పేరుతో పిలవడమే.

గ్రీకుమాట తర్వాత అంత నిర్మలంగానూ ఉండలేదు. బైబిలు గ్రీకు అనువాదంలో దాని బహువచనం ఇశ్రాయేలీయులు కానివారికి చెల్లింది. ఇంగ్లీషులో ‘ఎత్నిక్’ చాలకాలం అన్యమతస్థుడే. పద్దెనిమిదవ శతాబ్దపు జర్మను పండితులు శాస్త్రనామం కల్పించినా, ‘మనవారు కారు’ అన్న పాతవాసన పూర్తిగా వదలలేదు.

ఘోటుల్‌కు పుట్టుక ఒక్కటే చాలదు. చెలిక్ అయినా, మోటియారి అయినా, అందులో చేరి కొత్త పేరు పొందవలసిందే. పెండ్లితో ఆ సభ్యత్వం ముగుస్తుంది. ఇది హోమరు గుంపుకు దగ్గర, జాతికి దూరం.

‘తెగ’ అందామంటే అందులో తెగిపోవడం వినిపిస్తుంది. దేనినుండి తెగినారో ఎవరూ చెప్పరు. ‘జన’ కొంత మేలు. అదీ ‘జన్’ ధాతువే కదా అని ఆక్షేపించవచ్చు. నిజమే, కాని తెలుగు చెవికి జనమంటే సంతలో, తిరునాళ్ళలో కూడినవారు. శాస్త్రానికి ‘జనవర్ణన’ చెల్లుతుంది. మనుషులను పేర్కొనేచోట మాత్రం ఆ మాట కూడ అక్కరలేదు. గోండు అన్నది ఇరుగుపొరుగులు పెట్టిన పేరు. వారు తమను చెప్పుకొనేది ‘కోయితోర్’ అని. కోంటాకు ఇవతల, భద్రాచలం వైపు ‘కోయ’ అన్న మాట తెలియని తెలుగువాడు లేడు.