కర్టెన్ రాడ్డు భుజాన వేసుకుని

మెట్ల పైన నిలబడి ఉంది ఆమె. ఒంటి మీద ఆకుపచ్చ వెల్వెట్ కర్టెన్, నడుముకి కుచ్చుల తాడు, నెత్తిన టోపీ. కర్టెన్‌ని గుచ్చి వేలాడదీసిన రాడ్డు కూడా తీయకుండా అలాగే, ఒక భుజం దాటి రెండో భుజం అవతలిదాకా నిలిచి ఉంది. ముఖంలో మాత్రం మహారాణి ఠీవి. ఆ ఠీవితోనే ఒక్కో మెట్టూ దిగుతోంది. జనం విరగబడి నవ్వుతుంటే, తర్వాతి డైలాగు చెప్పడానికి ఆ నవ్వు తగ్గేదాకా ఆగాల్సి వచ్చింది.

అమెరికాలో సీబీఎస్ ఛానెల్ 1967 నుంచి 1978 దాకా ప్రసారం చేసిన ‘ద కేరల్ బర్నెట్ షో’లోది ఆ స్కిట్. మెట్ల మీది ఆమె కేరల్ బర్నెట్. ‘గాన్ విత్ ద విండ్’ సినిమాకి పేరడీ. పేదరికంలో పడ్డ కథానాయిక ఇంటి కర్టెన్లతో గౌను కుట్టించుకునే ఘట్టం ఆ సినిమా చూసినవాళ్లెవరూ మరిచిపోరు. ఆ సినిమా 1976 నవంబర్ 7, 8 తేదీల్లో తొలిసారి అక్కడి నెట్‌వర్క్ టీవీలో వచ్చింది. వారం తిరక్కుండా, 13న ఈ పేరడీ వచ్చింది. దేశం మొత్తానికీ అసలు కథ కళ్లలో ఇంకా తడిగానే ఉంది. పేరడీకి అంతకంటే మంచి ముహూర్తం ఉండదు.

కర్టెన్‌ని ఒంటికి చుట్టుకుని రావాలన్నంతవరకే స్క్రిప్టులో ఉంది. రాడ్డు ఆలోచన దుస్తులు రూపొందించిన బాబ్ మెకీది. ఆ షో వేషాలన్నీ ఆయన చేతి మీదుగా వచ్చినవే. హాస్యంలో దర్జీ కూడా రచయితేనని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. ఆ గౌను ఇప్పుడు స్మిత్సోనియన్ సంస్థ వారి మ్యూజియంలో ఉంది. అయితే రాడ్డు ఒక్కటే నవ్వించదు. అది భుజాన ఉన్నట్టు ఆమెకి తెలియకపోవడం నవ్విస్తుంది. బర్నెట్ ఏమాత్రం కన్నుగీటినా, ‘చూశారా ఎంత తమాషాగా ఉన్నానో’ అన్నట్టు పెదవి కదిపినా ఆ ఘట్టం అక్కడే చచ్చిపోయేది. నవ్వించే మనిషి నవ్వకూడదన్నది ఈ కళకి మొదటి నియమం.

అదే షోలో ఆ నియమం మీదే యుద్ధం ప్రకటించినవాడు హాస్యనటుడు టిమ్ కాన్వే. 1969లో వచ్చిన డెంటిస్టు స్కిట్ చూడండి. చదువు అప్పుడే ముగించుకున్న డాక్టరు కాన్వే, అతని మొట్టమొదటి పేషెంటు హార్వీ కోర్మన్. పంటికి ఇవ్వాల్సిన మత్తు ఇంజెక్షన్ డాక్టరు తన చేతికే గుచ్చుకుంటాడు. చెయ్యి మొద్దుబారుతుంది. తర్వాత కాలు. కథ ఇంతే. ఒక చిన్న పొరపాటు జరగాలి, దాన్నుంచి పుట్టేదాన్నంతా ఒక్క మెట్టు కూడా వదలకుండా చివరిదాకా లాగాలి. మధ్యలో ఇంకో జోకు కోసం పరుగెత్తకూడదు. ఆ వేలాడే చేతిని కాన్వే ఎంత తీరిగ్గా, ఎంత శ్రద్ధగా మోసుకు తిరుగుతాడో గమనిస్తే, తొందరపడనివాడికే హాస్యం లొంగుతుందని అర్థమవుతుంది.

కుర్చీలో ఉన్న కోర్మన్ నవ్వు ఆపుకోలేక నానా అవస్థ పడతాడు. చేత్తో ముఖం కప్పుకుంటాడు, భుజాలు కదిలిపోతుంటాయి. దాని వెనక ఒక ఏర్పాటు ఉంది. శుక్రవారం రెండుసార్లు, రెండుసార్లూ ప్రేక్షకుల ముందే షో రికార్డు చేసేవారు. మొదటిసారి కాన్వే రాసినది రాసినట్టు చేసేవాడు. కావలసిన షాట్లన్నీ దొరికాయని తేలాక, రెండోసారి తన బుర్రలో ఉన్నవి బయటికి తీసేవాడు. అవేమిటో కోర్మన్‌కి ముందుగా తెలియదు. కోర్మన్ కావాలని నవ్వేవాడని అనుకునేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. నిజంగా పోరాడి ఓడిన మనిషి నవ్వే మనల్ని అంటుకుంటుంది. నటుడు ఓడాలంటే ముందు గెలవడానికి ప్రయత్నించి తీరాలి. కోర్మన్ ప్రతిసారీ ప్రయత్నించాడు.

ఇక అతిథులు. తొలి ఎపిసోడ్‌కి వచ్చిన జిమ్ నేబర్స్ అంటే బర్నెట్‌కి సెంటిమెంటు. ప్రతి సీజన్‌నీ ఆయనతోనే మొదలుపెట్టేది. అతిథి వచ్చి ఒక పాట పాడి, చప్పట్లు కొట్టించుకుని వెళ్తే సరిపోదు. వేషం కట్టాలి, స్కిట్‌లో ఒక పాత్రగా ఇమడాలి. ఆ కర్టెన్ స్కిట్‌లో అతిథి డైనా షోర్. ఆమె అప్పటికే పేరుమోసిన గాయని, సొంత షో ఉన్న తార. అయినా మితిమీరిన మంచితనంతో విసుగెత్తించే మెలొడీ పాత్ర వేసి, రాడ్డుకి వచ్చే నవ్వుని బర్నెట్‌కి వదిలేసింది. ‘సన్‌సెట్ బులవార్డ్’లో గ్లోరియా స్వాన్సన్ వేసిన పాత్రని బర్నెట్ ఎగతాళి చేస్తే, స్వాన్సన్ మెచ్చుకుంటూ ఉత్తరం రాసింది. 1973లో తనే అతిథిగా వచ్చింది. ఎగతాళిలో అంత శ్రద్ధ ఉంటే, దానికి గురైనవాళ్లే ముచ్చటపడి వస్తారు!

వీటన్నిటికంటే నాకు ఇష్టమైనది ‘ద ఫ్యామిలీ’ స్కిట్ల వరుస. నోటికి అదుపులేని తల్లి, ఏం చేసినా ఆ తల్లి మెప్పు పొందలేని కూతురు యూనిస్, చేతకాని అల్లుడు. యూనిస్ బర్నెట్. తల్లి వేషం వేసిన విక్కీ లారెన్స్ బర్నెట్ కంటే పదహారేళ్లు చిన్నది. తెల్లజుట్టు విగ్గు, ఒంటికి కట్టిన మెత్తలు, వాటిని మించి ఆ గొంతులో విసుగు. అతిథిగా వచ్చిన బెట్టీ వైట్ తల్లికి ముద్దుల పెద్ద కూతురు ఎలెన్‌గా కూర్చుంటే, యూనిస్ ఇంకా కుంచించుకుపోయేది. ఇందులో పంచ్ డైలాగులు వెతికితే దొరకవు. ఉన్నవన్నీ ఇళ్లలో వినిపించే మాటలే.

ఒకసారి రిహార్సల్లో పాత్రల యాసలూ, గొంతు మార్పులూ పక్కన పెట్టి, మామూలు మనుషులు మాట్లాడుకున్నట్టు స్క్రిప్టు మొత్తం చెప్పుకున్నారట. బర్నెట్ తర్వాత చాలాసార్లు చెప్పింది ఈ సంగతి. అక్షరం మారలేదు. చదువుతుంటే గుండె పిండేసినట్టయిందట. శుక్రవారం మళ్లీ విగ్గులు పెట్టుకుని, అవే మాటలతో జనాన్ని నవ్వించారు.