కదలని కమ్మ, కదిలే బుట్ట

చెవి నగలన్నీ రెండు జాతులు. కమ్మలు, దుద్దులు తమ్మెకు అంటిపెట్టుకుని కూర్చుంటాయి. బుట్టలు, లోలాకులు, చాంద్‌బాలీలు తమ్మె కింద వేలాడుతూ తల కదిలినప్పుడల్లా ఊగుతాయి. ఆఫీసు నగకూ విందు నగకూ ఉన్న అసలు తేడా ఈ ఊపులోనే ఉంది. అది ఖరీదులో లేదు, రాళ్ల సంఖ్యలోనూ లేదు. లక్షల విలువ చేసే వజ్రపు దుద్దులు బ్యాంకు కౌంటరు వెనక ఎవరి పనికీ అడ్డం రావు. వంద రూపాయల గాజుపూసల లోలాకులు మాత్రం మీటింగులో మాట్లాడే మనిషి ముఖం మీంచి చూపును పదేపదే లాగేస్తాయి. పొద్దున పెట్టుకున్న జత రాత్రి రిసెప్షన్‌లోనూ బాగుండాలనుకునేవారు ముందుగా చూడవలసింది ఆ నగ ఎంత కదులుతుందన్నదే.

తెలుగువారి ఇళ్లలో ఈ అవసరం ఆదివారం కోసం ఆగదు. ముహూర్తం బుధవారం కుదిరితే పెళ్లి బుధవారమే. మాదాపూర్‌లో ఉద్యోగం, ఎల్‌బీ నగర్‌లో రిసెప్షన్ అయినప్పుడు మధ్యలో ఇంటికి వెళ్లి తయారై రావడానికి హైదరాబాద్ ట్రాఫిక్ వీలివ్వదు. చీర మార్చడం కుదరని అలాంటి రోజున మొత్తం అలంకారాన్ని మార్చగలిగేది చెవి నగే. హారం కంటే దానికి ఆ శక్తి ఎక్కువ, ఎందుకంటే పలకరించేవారు చూసేది ముఖాన్ని.

రోజంతా చెవిన ఉండే భాగం కమ్మ. దాని ఎంపికలో మొదటి సంగతి ఆకారం. నడుమ ఒక రాయి, చుట్టూ ఆరు రాళ్లతో చేసే ఏడు రాళ్ల కమ్మ తెలుగునాటా తమిళనాటా తరతరాలుగా నిలిచిందంటే అందం ఒక్కటే కారణం కాదు. మరతో బిగించే కమ్మ పగలంతా కొద్దికొద్దిగా తిరుగుతూ ఉంటుంది. గుండ్రని పువ్వు ఎటు తిరిగినా పువ్వే. మామిడిపిందె కమ్మో, నెమలి కమ్మో కాస్త తిరిగితే చాలు, ఒరిగిపోయినట్టు కనిపిస్తుంది. అద్దం చూసుకునే తీరిక లేని పనిలో ఉన్నవారికి గుండ్రని కమ్మే సుఖం. వ్యాసం 8 నుంచి 12 మిల్లీమీటర్ల మధ్య ఉంటే చాలామంది తమ్మెలకు సరిపోతుంది. కమ్మ అంచు తమ్మె అంచును దాటకూడదు. దాటితే ఎంత చక్కని పనితనమైనా అరువు తెచ్చుకున్న నగలాగే ఉంటుంది.

రెండో సంగతి ఎత్తు. రాయి చెవి మీంచి బాగా పైకి లేచి ఉంటే దాన్ని పట్టి ఉంచే సన్నని కొనలకు దుపట్టా దారాలు, జుట్టు చిక్కుకుంటాయి. స్కూటీ మీద ఆఫీసుకు వెళ్లేవారికి ఇది మరీ ముఖ్యం. హెల్మెట్ తొడిగేటప్పుడూ తీసేటప్పుడూ లోపలి మెత్త చెవిని రాసుకుంటూ పోతుంది. ఎత్తయిన కమ్మ దానికి తగులుకుంటుంది, వేలాడే నగ అయితే ఏకంగా తమ్మెను లాగుతుంది. చెవికి దగ్గరగా ఉండే చిన్న రింగులు కూడా పగటికి బాగానే ఉంటాయి. రింగు లోపల చూపుడువేలు దూరేంత చోటుంటే మాత్రం అది ఆఫీసు రింగు కాదు. ప్రీస్కూల్లో పనిచేసే టీచర్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు, పిల్లల వేళ్లే చెబుతాయి. ఆపరేషన్ థియేటర్లు, ల్యాబులు, యంత్రాలు తిరిగే షెడ్లు వేరే లోకం. అక్కడ ఊగే నగ ఏదైనా ప్రమాదమే.

దుకాణంలో అందరూ కమ్మ ముందు వైపే చూస్తారు. రోజు గడవాల్సింది వెనక వైపుతో. తెలుగు, తమిళ ప్రాంతాల్లో వాడే లావు కాడను నగల వ్యాపారులు సౌత్ స్క్రూ అంటారు, సన్నని కాడను బాంబే స్క్రూ అంటారు. లావు కాడ బరువును ఊగిసలాడనివ్వకుండా మోస్తుంది, కానీ కొత్తగా సన్నగా కుట్టించుకున్న చెవికి పట్టదు. కొనే ముందే తన చెవి రంధ్రానికి ఏది సరిపోతుందో చూసుకోవాలి. వెనక శీల పలచగా, పళ్లెంలా వెడల్పుగా ఉంటే రెండు లాభాలున్నాయి: కమ్మ ముందుకు వాలదు, గంటల తరబడి హెడ్‌సెట్ పెట్టుకున్నా చెవి వెనక ఎముక దగ్గర గుచ్చదు. నొక్కి పెట్టే శీలలు తేలికే గాని కొంతకాలానికి వదులవుతాయి. జారిపోయిన దుద్దుల్లో ఎక్కువ వంతు వీటి పుణ్యమే. మర శీలను వారానికోసారి వేలితో బిగించి చూసుకుంటే సరిపోతుంది.

బరువు దగ్గర ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. బిల్లు మీద ఉండేది జత బరువు, ఒక్కో చెవి మోసేది అందులో సగం. 6 గ్రాముల జత అంటే చెవికి 3 గ్రాములు. రోజంతా, ఏడాది పొడుగునా పెట్టుకునే నగకు అదే పైమెట్టు అనుకోవడం మంచిది. తమ్మెలో మృదులాస్థి ఉండదు. కొవ్వూ పీచు కణజాలమే ఉంటాయి గనక బరువుకు సాగిన రంధ్రం దానంతట అది మళ్లీ చిన్నదవదు. ఇది ఈ కాలపు సమస్య కూడా కాదు. తెగిన తమ్మెను అతికే పద్ధతులు సుశ్రుత సంహితలో 15 ఉన్నాయి. బరువైన బుట్టలకు మన పెద్దవాళ్లు మాటీలు, చెంపసరాలు తగిలించేది అందుకే. అవి బరువులో కొంత భాగాన్ని తమ్మె మీంచి తీసి జుట్టుకు అప్పగిస్తాయి. వాటిని ఉత్త సింగారం అనుకుని వదిలేయడం ఇప్పటి తరం చేసుకున్న నష్టం.

ఇక వెలుతురు. ఒకే నగ పగలు ఒకలా, రాత్రి మరోలా కనిపించడానికి సగం కారణం పైనున్న దీపాలు. ఆఫీసు సీలింగు ప్యానెళ్ల నుంచి వచ్చేది తెల్లని కాంతి, సుమారు 4000 నుంచి 6500 కెల్విన్ల మధ్యది. పైగా అది గదంతా సమంగా పరుచుకుంటుంది. ఫంక్షన్ హాళ్లలో పసుపు ఛాయ దీపాలు ఎక్కువ. వాటిది 2700, 3000 కెల్విన్ల వెచ్చని వెలుగు, అదీ చిన్నచిన్న బిందువులుగా వస్తుంది. రాయి తళుక్కుమనాలంటే కాంతి బిందువుగా తగలాలి. అందుకే పగలు ప్యానెల్ కింద నెమ్మదిగా ఉన్న వజ్రపు కమ్మ రాత్రి హాల్లో తనంతట తానే మేలుకుంటుంది. రెండు వేళలకూ పనికొచ్చే నగ కావాలనుకునేవారికి ఇంతకంటే పెద్ద సాయం లేదు. నగను మార్చకుండానే దీపాలు దాన్ని మారుస్తాయి.

అమెరికన్ డైమండ్ పేరుతో అమ్మే జిర్కోనియా రాళ్లదీ ఇదే తీరు, కాస్త తేడాతో. వజ్రపు వక్రీభవన గుణకం 2.42, జిర్కోనియాది 2.15కు కాస్త పైన. అయితే కాంతిని రంగులుగా చీల్చే గుణం జిర్కోనియాకే ఎక్కువ. అందుకే స్పాట్‌లైట్ల కింద అది ఇంద్రధనుస్సు రంగుల్ని మరీ ఎక్కువగా విరజిమ్ముతుంది. రాయి చిన్నదైతే ఈ తేడా కంటికి ఆనదు, పెద్దదైతే ఇట్టే తెలిసిపోతుంది. జిర్కోనియా కొనేవారు చిన్న రాళ్లకే పరిమితమైతే నగకు హుందాతనం ఉంటుంది. కెంపులు పసుపు వెలుగులో మరింత ఎర్రబడతాయి. నీలాలు అదే వెలుగులో నల్లబడ్డట్టు కనిపిస్తాయి, వాటి అందం పగటికే. మెరుగు పెట్టకుండా వదిలిన నక్షీ బంగారం ఆఫీసులో కళ్లకు కొట్టదు, సాయంత్రం దీపాల కింద నిండుగా ఉంటుంది. ఆక్సిడైజ్డ్ వెండిది సరిగ్గా దీనికి తిరగబడ్డ కథ. మంగళగిరి నేత చీర మీద పగలు ఎంత బాగున్నా, మసక వెలుగు విందులో జుట్టు నలుపులో కలిసిపోతుంది.

హైదరాబాద్ పేరు చెబితే గుర్తొచ్చే ముత్యానికి ఏ దీపంతోనూ పేచీ లేదు. దాని మెరుపు పైపొరల లోపలి నుంచి వస్తుంది గనక పరుచుకున్న కాంతిలోనూ నిండుగానే ఉంటుంది. 6, 7 మిల్లీమీటర్ల ముత్యపు దుద్దు ఆఫీసుకు దాదాపు తిరుగులేని ఎంపిక. కానీ అది మెత్తని వస్తువు. సెంటు, హెయిర్ స్ప్రే, చెమట దాని పైపొరను తినేస్తాయి. విందుకు బయలుదేరేముందు సెంటు చల్లుకుని, అది ఆరాక ముత్యాలు పెట్టుకోవాలి. ఇంటికి రాగానే అన్నిటికంటే ముందు వాటినే తీసి మెత్తని బట్టతో తుడవాలి.

లోహం విషయంలో చర్మం మాటే ఆఖరి మాట. చెవి రంధ్రంలో పొద్దస్తమానం ఉండే కాడలో నికెల్ ఉంటే దురద, ఎరుపు, రసి మొదలవుతాయి. ఒకసారి మొదలైన నికెల్ అలర్జీ సాధారణంగా జీవితాంతం ఉంటుంది. యూరప్‌లో చెవి రంధ్రంలోకి వెళ్లే భాగాల నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.2 మైక్రోగ్రాములకు మించి నికెల్ విడుదల కాకూడదన్న నియమం ఉంది. తెల్ల బంగారంలోనూ కొన్ని మిశ్రమాల్లో నికెల్ ఉంటుంది, అడిగి తెలుసుకోవాలి. పసుపు బంగారంలో 22 క్యారెట్లంటే 91.6 శాతం, 18 క్యారెట్లంటే 75 శాతం మేలిమి. వజ్రాలను 18 క్యారెట్లలో పొదగడం మోసం కాదు. గట్టి మిశ్రమం రాయిని బాగా పట్టి ఉంచుతుంది. దేశంలో హాల్‌మార్క్ 2021 జూన్ నుంచి దశలవారీగా తప్పనిసరి అవుతూ వచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ ముద్రతో పాటు అంకెలూ అక్షరాలూ కలిసిన ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో దాన్ని సరిచూసుకోవచ్చు. 2 గ్రాముల లోపు వస్తువులకు మినహాయింపు ఉంది కాబట్టి చిన్న దుద్దుల దగ్గర బిల్లు మీద క్యారెట్లు రాయించుకోవడం తప్పనిసరి.

ఇన్ని లెక్కలకూ ఒకే జవాబు తెలుగు ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది. కమ్మ వేరు, బుట్ట వేరు. కమ్మ అడుగున, ముందు నుంచి కనిపించకుండా చిన్న వలయం ఉంటుంది. బుట్ట పైన కొక్కెం ఉంటుంది. పగలు కమ్మ ఒక్కటే చెవిన ఉంటుంది. పండగకో పేరంటానికో బుట్టను ఆ వలయానికి తగిలిస్తే అదే బుట్టకమ్మ. ఇప్పుడు దుకాణాలు టూ ఇన్ వన్ అని కొత్త పేరుతో అమ్ముతున్న జతల వెనక ఉన్నది ఈ పాత పనితనమే. ఊగని నగ, ఊగే నగ ఒకే జతలో ఒదిగిన ఇంతకంటే తెలివైన ఏర్పాటు మరొకటి లేదు. బుట్టల్ని అగ్గిపెట్టెంత డబ్బాలో దూది మధ్య పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంటే చాలు, వాష్‌రూమ్ అద్దం ముందు రెండు నిమిషాల పని.

డబ్బు ఎక్కడ పెట్టాలన్నది కూడా ఈ ఏర్పాటే తేలుస్తుంది. చర్మాన్ని తాకేదీ పగలంతా ఉండేదీ కమ్మ, కాబట్టి అది అసలు బంగారమై ఉండాలి. బుట్ట రంధ్రంలోకి వెళ్లదు, మూడు నాలుగు గంటలకు మించి ఉండదు. అది రోల్డ్ గోల్డ్ అయినా నష్టం లేదు. మచిలీపట్నం పక్కన చిలకలపూడి పేరు నిలబెట్టింది ఈ పనే. ఒక బంగారు కమ్మ జతకు ముత్యాల బుట్ట, కెంపుల బుట్ట, నక్షీ బుట్ట అని రకరకాలు చేర్చుకోవచ్చు. రంగు కలిసేట్టు చూసుకోవాలి. పూత పచ్చదనం కమ్మ పచ్చదనం కంటే ముదురుగా ఉంటే రాత్రి వెలుగులో కూడా అతుకు తెలిసిపోతుంది. బుట్ట పొడవు దవడ ఎముక దగ్గర ఆగితే మంచిది. మెడ మూసిన జాకెట్టు వేసుకున్న రోజున ఇంకాస్త దిగినా బాగుంటుంది. జుట్టు వదిలేసేవారికి వెడల్పాటి బుట్ట దండగ, కనపడదు. జడో ముడో వేసుకున్నప్పుడే దాని అందం.

దుకాణంలో పరీక్ష సులువు. నగ పెట్టుకుని పది నిమిషాలు అక్కడే తిరగాలి. ఫోను చెవికి ఆనించి చూడాలి, తల అటూ ఇటూ ఊపి చప్పుడు వినాలి. వీడియో కాల్ మైకుకు గజ్జెల శబ్దం మాట కంటే ముందు అందుతుంది. దుకాణం లోపల కురిసేదంతా స్పాట్‌లైట్ల వెలుగు కనుక, గుమ్మం దగ్గరికి వెళ్లి పగటి వెలుతురులో మరోసారి చూస్తే తప్ప ఆ నగ ఆఫీసులో ఎలా ఉంటుందో తెలియదు. ఇలా చూస్తామంటే కాదనే వ్యాపారి దగ్గర కొనకపోవడమే మంచిది.

అసలు కొనే ముందు లాకరులోని పాత కమ్మల్ని తీసి చూడండి. వాటి అడుగున వలయం లేకపోతే నమ్మకమైన స్వర్ణకారుడి చేత వేయించుకోవచ్చు. కానీ రాళ్ల వెనక బంగారంతో మూసేసిన క్లోజ్డ్ సెట్టింగ్ కమ్మలకు లోపల మెరుపు రేకు ఉంటే, టంకం వేడికి అది మాడి రాయి మసకబారుతుంది. రాళ్లు విప్పి, టంకం వేసి, తిరిగి పొదగమని ముందే చెప్పండి.