ప్రత్యక్ష ఎన్నిక, షూరా విధానం: ఒక విమర్శ

పాలకుణ్ణి ప్రజలందరూ నేరుగా ఎన్నుకోవాలా, వారి ప్రతినిధులు ఎన్నుకుంటే చాలునా అన్న ప్రశ్న ఇస్లామీయ రాజనీతికి కొత్తది కాదు. క్రీ.శ. 1058లో మరణించిన షాఫియీ న్యాయవేత్త అల్-మావర్దీ తన 'అల్-అహ్కామ్ అస్-సుల్తానియ్యా'లో దీనిని విపులంగా చర్చించారు. ప్రతి పట్టణం నుండి అధిక సంఖ్యాకుల సమ్మతి కావాలన్న అభిప్రాయాన్ని ఆయన పేర్కొని, హజ్రత్ అబూబక్ర్ (రజి) బైఅత్ దూరప్రాంతాల వారి కోసం ఆగలేదు గనుక అది నిలువదన్నారు. ఐదుగురు చాలునన్న వారి మాటను, ఒక్కరు చాలునన్న వారి మాటను కూడా ఉదహరించారు.

ఈ వాదం సగం చరిత్రనే చూస్తున్నది. సఖీఫాలో కొందరి బైఅత్ జరిగిన మరునాడే మస్జిదె నబవీలో సామాన్య ప్రజల బైఅత్ జరిగింది. హజ్రత్ ఉస్మాన్ (రజి) విషయంలో ఆరుగురి సంఘమే ఉన్నా, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మదీనా ప్రజల అభిప్రాయం విచారించిన పిమ్మటే నిర్ణయం చేశారు. అంతకన్న పెద్ద లోపం మరొకటి ఉన్నది. పాలకుడు ఏ కారణాలవల్ల పదవికి అనర్హుడౌతాడో మావర్దీ వివరించారు గాని, ఆ తీర్పును ఏ సంస్థ, ఏ పద్ధతిలో అమలు జరపాలో చెప్పలేదు.

ఆ లోపం ఎంత ప్రమాదకరమో ఇరాక్‌లోని స్వయంపాలిత కుర్దిస్తాన్ చూపింది. 2005లో పార్లమెంటు ఎన్నుకున్న మసూద్ బర్జానీని, 2009 జూలై 25న ప్రజలే నేరుగా దాదాపు 70 శాతం ఓట్లతో అధ్యక్షునిగా ఎన్నుకున్నారు. 2013లో గడువు ముగియగా, పార్లమెంటు మరి రెండేళ్ళు పొడిగించింది. 2015 ఆగస్టులో అదీ ముగిసింది. అయినా ఆయన పదవిలోనే ఉన్నారు. పార్లమెంటే అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలని కొన్ని పక్షాలు కోరగా, ఆయన పక్షం ప్రత్యక్ష ఎన్నికనే సమర్థించింది. ఆ అక్టోబరులో స్పీకరును ఎర్బిల్‌లోకి రానివ్వలేదు. 2017 సెప్టెంబరు వరకు సభ మూతపడే ఉన్నది. ఆయన 2017 నవంబరు 1న గాని తప్పుకోలేదు. 2019లో నేచిర్వాన్ బర్జానీని మళ్ళీ పార్లమెంటే ఎన్నుకున్నది. ప్రజల ఓటు అధికారాన్ని ఇవ్వగలిగింది గాని, గడువు దాటిన అధికారాన్ని తిరిగి తీసుకొనలేకపోయింది.

ఇదంతా దూరదేశపు ముచ్చట అనుకోనక్కరలేదు. చేవెళ్ళ, మొయినాబాద్ గ్రామాలలో సర్పంచును ఊరంతా నేరుగా ఎన్నుకునేది. 2025లో ఇవి పురపాలక సంఘాలైన తరువాత అధ్యక్షుని ఎన్నిక వార్డు సభ్యుల చేతికి వచ్చింది. ఊరంతటి ఓటు అడగవలసిన అభ్యర్థి, నాలుగు వీధులలో చెదిరి ఉన్న ముస్లిం కుటుంబాల గడప కూడా తొక్కవలసి వస్తుంది. వార్డు పద్ధతిలో ఆ కుటుంబాల మాట ఒక్క సభ్యుని ద్వారానే అధ్యక్షునికి చేరుతుంది. ఇది నష్టమే. కాని 2018 పంచాయతీ చట్టంలో సర్పంచుపై వార్డు సభ్యుల అవిశ్వాస తీర్మానానికి తావు లేదు. తొలగించే అధికారం కలెక్టరుది. పురపాలక అధ్యక్షునిపై మాత్రం సభ్యులు అవిశ్వాసం పెట్టవచ్చును. ఎన్నికలో ఊరు పోగొట్టుకున్న దానిలో కొంత, తొలగింపులో సభ్యుల ద్వారా దక్కుతుంది. ఆ సభ్యులు బేరాలకు లొంగకపోతేనే.

దివ్య ఖుర్ఆన్ 42వ సూరాలో విశ్వాసుల వ్యవహారాలు సంప్రదింపుతో సాగుతాయని ఉన్నది. సంప్రదింపు ఒక దినపు ఓటుతో ముగిసేది కాదు. కనుక ఏ విధానాన్నైనా మెచ్చే ముందు పాలకుణ్ణి ఎన్నుకునేదెవరు, లెక్క అడిగేదెవరు, గడువు తీరినప్పుడు దింపేదెవరు అన్న మూడు ప్రశ్నలూ వేయాలి. మొదటి దానికి మాత్రమే జవాబు చెప్పే విధానం, ప్రత్యక్షమైనా పరోక్షమైనా, షూరా అనిపించుకోదు.