ఫొటోకి ఊరూ పేరూ

తోలుబొమ్మలాటను ఫొటో తీయాలంటే కెమెరాను, సెన్సార్ పట్టింది పట్టినట్టే దాచే రా మోడ్‌లో పెట్టక తప్పదు. తెల్లబట్ట తెర, వెనక బల్బులు, మధ్యలో రంగులు అద్దిన మేకతోలు. వెలుతురు తోలులోంచి దూసుకొచ్చి ఎరుపూ ఆకుపచ్చా మండిపోతుంటాయి. తెర చుట్టూ కటిక చీకటి. జేపెగ్‌కి వదిలేస్తే అన్నీ కెమెరాయే తేల్చేస్తుంది. పసుపు వెలుతురును లోపమనుకుని సరిచేస్తుంది, నీడలను నల్లగా పూసేస్తుంది, చిల్లులు పొడిచి చేసిన నగల పనితనాన్ని ఒకే ఎర్రటి ముద్దలో కలిపేస్తుంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తరతరాలుగా ఆ నగలను ఉలితో ఒక్కొక్క చిల్లూ కొట్టి చేస్తున్నారు. ఆ చిల్లులు కనిపించని ఫొటో నాకు అక్కర్లేదు.

చాలా కెమెరాల సెన్సార్‌లో ఒక్కో గడి ఒక్క రంగునే పట్టుకుంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లను గళ్లుగళ్లుగా పరిచే ఈ పద్ధతికి కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంట్ పొందారు. ప్రతి నాలుగు గళ్లలో రెండు ఆకుపచ్చవి, ఎందుకంటే వెలుగులోని సన్న తేడాలను మన కన్ను ఆ రంగు దగ్గరే బాగా పసిగడుతుంది. ఒక్కో గడిలో లేని రెండు రంగులనూ పక్క గళ్లను బట్టి లెక్కగట్టడం, రా ఫైలును ఫొటోగా మార్చే కన్వర్షన్‌లో ముఖ్యమైన పని. 14 బిట్ల రా ఫైల్లో ఒక్కో గడికి 16,384 మెట్లు ఉంటాయి, జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256. నీడలో ఉన్న బొమ్మ మొహాన్ని పైకి తేవాలన్నప్పుడు ఈ తేడా ఎంతటిదో తెలుస్తుంది.

అయితే రా అంటే అన్నీ తిరిగొస్తాయన్న భరోసా పెట్టుకోకూడదు. ఎర్రటి తోలు దగ్గర ఎరుపు గళ్లు మిగతావాటికంటే ముందే నిండిపోతాయి. నిండిన గడిలో ఏముండేదో ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు. కెమెరా వెనక కనిపించే హిస్టోగ్రామ్ కూడా మామూలుగా జేపెగ్ లెక్కలోదే. అందుకని నేను ఎరుపు హిస్టోగ్రామ్‌ను విడిగా చూసి, ఎక్స్‌పోజర్ ఇంకాస్త తగ్గించి పెడతాను.

ఇంటికొచ్చాక వైట్ బ్యాలెన్స్. తెర తెల్లబట్టే కదా అని ఐడ్రాపర్‌తో దానిమీద నొక్కితే క్షణంలో తెల్లబడిపోతుంది. లెక్కకు అది సరైనదే. కానీ నేలమీద చాపలు పరుచుకుని ఆట చూసినవాళ్లలో ఒక్కరు కూడా ఆ తెరను అంత తెల్లగా చూడలేదు. నేను పసుపును చాలామటుకు అలాగే ఉంచుతాను. బొమ్మల రంగులు ఆ వెలుతురు కోసమే ఎంచినవి. దాన్ని తీసేసి రంగులు చూపిస్తే అది మ్యూజియం కేటలాగ్ అవుతుంది, ఆట కాదు.

స్లైడర్ల సంగతి ఇంతే. నా సమయంలో ఎక్కువ భాగం పోయేది ఆ తర్వాతి పనికి, నేను ఎక్కువ విలువ ఇచ్చేదీ దానికే.

కెమెరా తేదీ రాసుకుంటుంది, లెన్స్ రాసుకుంటుంది, షటర్ వేగం రాసుకుంటుంది. పాడింది ఎవరో, మద్దెల వాయించింది ఎవరో, తెరమీద ఉన్న హాస్యగాడు కేతిగాడో జుట్టుపోలిగాడో రాసుకోదు. అది నేనే రాయాలి, మరుపు రాకముందే రాయాలి. మొదటి విడతలో పనికిరానివి తీసేయడం తప్ప ఇంకేమీ చేయను. రెండో విడతలో క్యాప్షన్లు. రంగుల దిద్దుబాటు మూడోది. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు, క్యాప్షన్ల దాకా వచ్చేసరికి ఓపిక అయిపోతుంది.

తెలియనిది ఉంటే ఫోన్ చేస్తాను. ఒకసారి ఒక పెద్దాయనకు ఫొటో పంపి, ‘‘ఇది సుగ్రీవుడేనా పెద్దాయనా?’’ అని అడిగితే, ‘‘కాదు సార్, వాలి. మా నాయన చేసిన బొమ్మ అది. కుడిచెయ్యి మాత్రం నేను మళ్లీ కట్టినా’’ అన్నారు. ఆ మూడు మాటలూ క్యాప్షన్‌లోకి వెళ్లాయి. ఎంత మంచి లెన్సయినా అవి పట్టుకోలేదు.

ఫైలు పేరు మాత్రం తేదీ, అంకెలు, ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెడతాను. తెలుగు పేర్లున్న ఫైళ్లు ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి వెళ్లేటప్పుడు అక్షరాలు చెదిరిపోవచ్చు. క్యాప్షన్‌కు ఆ బెంగ లేదు. ఎక్స్‌ఎంపీ అనే పద్ధతిలో దాన్ని యూనికోడ్‌లో దాస్తారు కాబట్టి తెలుగు తెలుగుగానే ఉంటుంది. అడోబీ 2001లో తెచ్చిన ఈ పద్ధతి 2012లో ఐఎస్ఓ ప్రమాణమైంది.

ఇక్కడొక చిక్కు ఉంది. 2007లో వచ్చిన లైట్‌రూమ్ గానీ, ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్ గానీ రా ఫైల్లోని అంకెలను ముట్టుకోవు. మనం చేసిన దిద్దుబాట్లు ‘ఇది ఇంత పెంచు, అది ఇంత తగ్గించు’ అనే సూచనలుగా పక్కన ఉంటాయి. ఆ సూచనలు ఏ సాఫ్ట్‌వేర్‌వి దానికే అర్థమవుతాయి. యాపిల్ కంపెనీ 2005లో అపర్చర్ తెచ్చింది, 2014లో దాన్ని ఇక కొనసాగించబోమని చెప్పింది. అందులో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు ఫొటోలు మిగిలాయి. వాటిమీద చేసిన రంగుల పనిని వేరే కంపెనీల సాఫ్ట్‌వేర్లో ఉన్నదున్నట్టుగా తెరవడానికి మాత్రం దారి లేకపోయింది. నేను రాత్రిళ్లు కూర్చుని నిలబెట్టిన పసుపు ఇరవయ్యేళ్ల తర్వాత ఎవరికైనా ఇలాగే కనిపిస్తుందన్న నమ్మకం లేదు. క్యాప్షన్, కీవర్డులు మాత్రం ఎక్స్‌ఎంపీ చదవగలిగే ఏ సాఫ్ట్‌వేర్లోనైనా కనిపిస్తాయి. రంగుకంటే పేరుకే ఆయుష్షు ఎక్కువ. నచ్చిన రంగులతో ఒక టిఫ్ ప్రతిని విడిగా తీసి పెట్టుకునేది అందుకే.

పేరు విలువ పాత ఫొటోల దగ్గరా తెలుస్తుంది. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ గాజు నెగెటివ్‌లు రెండు వేలకు పైగా ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. ఆయన ప్రింట్లు చాలావాటి మీద నెంబరు, చోటు పేరు కనిపిస్తాయి. ఆ నాలుగు అక్షరాలు లేకపోతే పరిశోధకులు ఎన్ని కోటగోడల ముందు తడుముకునేవారో!

రా ఫైళ్లన్నీ డీఎన్‌జీలోకి మార్చుకోవాలా అని కొత్తవాళ్లు అడుగుతుంటారు. నికాన్‌ది ఎన్‌ఈఎఫ్, సోనీది ఏఆర్‌డబ్ల్యూ, ఇలా ఎవరి పెట్టె వారిదిగా ఉన్నప్పుడు, అందరికీ ఒకే ఫార్మాట్ ఉండాలని అడోబీ 2004లో డీఎన్‌జీని బయటపెట్టింది. కంపెనీలు చెప్పని ఫార్మాట్లను డేవ్ కాఫిన్ అనే ప్రోగ్రామర్ 1997 నుంచి ఒక్కొక్కటిగా విప్పి, డీసీరా పేరుతో అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఆ పని ఉంది కాబట్టి పాత ఫైళ్లు తెరుచుకోవేమోనన్న భయం నాకు తక్కువ. అందుకే అసలు ఫైళ్లను అలాగే ఉంచి, ఎంచిన వాటినే డీఎన్‌జీ చేస్తాను. డీఎన్‌జీలో క్యాప్షన్ ఆ ఫైలు లోపలే ఉంటుంది. కళాకారుల కుటుంబానికో, ఒక గ్రంథాలయానికో ఇచ్చినప్పుడు క్యాప్షన్‌ను మోస్తూ పక్కనుండాల్సిన చిన్న ఎక్స్‌ఎంపీ ఫైలు తప్పిపోతుందన్న దిగులుండదు.

లైట్‌రూమ్ క్లాసిక్ వాడేవాళ్లు ఈ వారమే ఒక పని చేయండి. మీరు రాసిన క్యాప్షన్లు మామూలుగా దాని క్యాటలాగ్‌లోనే ఉండిపోతాయి. క్యాటలాగ్ సెట్టింగ్స్‌లో మెటాడేటా ట్యాబ్ తెరిచి, మార్పులను ఎక్స్‌ఎంపీలోకి రాయమనే గడిలో టిక్ పెట్టండి. పాత ఫొటోలన్నీ ఎంచుకుని కంట్రోల్ ఎస్ కొట్టండి. డార్క్‌టేబుల్‌లో అయితే మీరు ఆపితే తప్ప అది దానంతటదే రాసుకుంటుంది.