రెండు దస్త్రాలు, ఒకే చేను

కర్నూలు జిల్లాలో ఒక చేను చేతులు మారితే ఆ సంగతి రెండు చోట్ల రాయాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు 1998లో మొదలైన రిజిస్ట్రేషన్ శాఖ వ్యవస్థ కార్డ్ కంప్యూటర్లలోకి ఎక్కుతుంది. తహసీల్దారు ఆఫీసులో 1-బి అనే హక్కుల పత్రం, అడంగల్ అనే సాగు లెక్క రెవెన్యూ శాఖ డేటాబేస్ వెబ్‌ల్యాండ్‌లో మారాలి. శాఖలు రెండు, డేటాబేస్‌లు రెండు, నేల ఒక్కటే. డేటాబేస్‌ల పనిలో ఉన్నవాణ్ని కాబట్టి నా చూపు ఆ రెంటి నడుమ సందు మీదే ఉంటుంది.

మా పనిలో నకలును రోజూ మొత్తంగా తిరగరాయం. అసలులో జరిగిన ప్రతి మార్పునూ వరసగా ఒక చిట్టాలోకి ఎక్కించి, రెండో చోట అదే వరసలో మళ్లీ చేస్తాం. వరస తప్పితే అనర్థమే. తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి కొన్నవాడికి మారిన చేనును తారుమారుగా నమోదు చేస్తే, అమ్మేసిన కొడుకే మళ్లీ పట్టాదారవుతాడు. ఇంకొకటి: ఒక వివరాన్ని మార్చే అధికారం ఒక్క చోటే ఉండాలి. రెండు చోట్లా మార్చనిస్తే, తేడా వచ్చిననాడు ఏది నిజమో యంత్రం తేల్చలేదు.

కంప్యూటర్లు రాకముందు రెండు లెక్కలనూ సరిచూసే పని జమాబందీది. గ్రామ లెక్కలు కరణం దగ్గర, మరో లెక్క తాలూకా కచేరీలో. ఏటా కరణాలు దస్త్రాలు తెచ్చి అధికారి ముందు రెంటినీ సరిచూపించుకోవాలి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. పేదల చేలు కలం పోటుతో పోయిన ఊళ్లున్నాయి, అది పోవాల్సిందే. ఏటేటా పోల్చి చూసే పట్టుదల మాత్రం నిలవాల్సింది.

చుక్కల భూముల కథ నన్ను ఎక్కువగా బాధిస్తుంది. సెటిల్‌మెంటు రిజిస్టర్లలో హక్కుదారు తేలని చోట పేరుకు బదులు చుక్కలు పెట్టారు. తెలియనిదాన్ని తెలియదనే రాయడం నిజాయతీ. తర్వాతి కాలంలో ఆ ఖాళీని ప్రభుత్వ భూమిగా చదివారు. తరాలుగా దున్నుతున్న రైతు అమ్ముకోలేకపోయాడు. దాన్ని సరిదిద్దడానికి 2017లో ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది.

శనగ వేసే ముందు అప్పుకు పోయిన రైతును బ్యాంకు 1-బి అడుగుతుంది. అందులో పాత పేరుంటే, రిజిస్టరైన దస్తావేజు చేతిలో ఉన్నా అదను దాటిపోతుంది. అందుకే రెండు డేటాబేస్‌లనూ ప్రతి రాత్రీ సర్వే నంబరు వారీగా పోల్చాలి. తేడా ఉన్నచోట ఒకదాని మీద ఇంకొకటి రుద్దకూడదు. ఆ నంబర్ల జాబితా గ్రామ సచివాలయం గోడకు అంటించాలి, గడువులోగా వీఆర్వో చేను దగ్గరికి వెళ్లి విచారించాలి.